రాజపాళయపు నూలుమిల్లులు: నాయకత్వము, కార్మిక సంతృప్తి, సామాజిక బాధ్యత

పడమటి కనుమల తూర్పు పాదమున, నేటి విరుదునగర్ జిల్లాలో రాజపాళయ మను పట్టణము గలదు. అది తమిళనాడు దక్షిణ భాగమున నున్నను, అచటి పెక్కు గృహములలో నేటికిని తెలుగు వినవచ్చును. విజయనగర రాజుల కాలమున ఆంధ్రదేశము నుండి తరలిపోయిన క్షత్రియ కుటుంబములవారు అచట స్థిరపడిరనియు, వారివలననే యూరికి ఆ పేరు కలిగినదనియు ప్రతీతి. పూసపాటి మున్నగు ఇంటిపేర్లు విజయనగర సంస్థానమును స్మరణకు దెచ్చును. ఇంటిలో తెలుగు, బడిలోను బజారులోను తమిళము వాడుచు వచ్చిన ఈ తెలుగువారు తొలుత సేద్యము నాశ్రయించి, ఇరువదవ శతాబ్దమున యంత్ర పరిశ్రమలోనికి ప్రవేశించిరి. నేడు రాజపాళయము నూలునకును, సమీపమున నున్న ఛత్రపట్టి గాయములకు కట్టు బ్యాండేజి గుడ్డకును ప్రసిద్ధి కెక్కినవి.

ఇట్టి యూరిలో పరిశ్రమ నెలకొల్పినవాడు పరాయివాడు కాడు, ఆ యూరివాడే. కార్మికుడును తొలినాళ్ళలో ఆ యూరివాడో, పొరుగు పల్లెవాడో. యజమాని యెట్టివాడో కార్మికు డెరుగును. కార్మికుని యిల్లెక్కడనో యజమాని యెరుగును. అందువలన నాయకత్వము, కార్మికుని తృప్తి, సంఘమునకు సంస్థ చెల్లింపవలసిన ఋణము అను మూడు విషయములును అచట ఒక్కచోట ముడివడి కానవచ్చును. యజమాని ఊరికి చేయు దానము, మిల్లులో పనిచేయువానికి ఇయ్యవలసిన న్యాయము ఒకటేనా, లేక వేరువేరా అను ప్రశ్న ఈ వ్యాసమునకు మూలము. ఆ రెండును వేరనియు, రెండవది మొదటిదానికంటె ముందు తీర్పవలసిన ఋణమనియు రాజపాళయపు చరిత్రయు, ఇతర దేశముల యనుభవమును తెలుపుచున్నవి.

స్థాపకుల నాయకత్వము

రాజపాళయపు పరిశ్రమలకు ఆద్యులు పి. ఎ. సి. రామస్వామి రాజా గారు. వారు 1894లో జన్మించిరి. 1936లో రాజపాళయం మిల్స్ అను నూలుమిల్లును పబ్లిక్ లిమిటెడ్ కంపెనీగా స్థాపించిరి. 1957లో మద్రాసు సిమెంట్స్ అను సంస్థ నెలకొల్పబడినది. విరుదునగరు దగ్గర దాని మొదటి కర్మాగారము వెలసిన చోటు నేడు రామస్వామిరాజా నగర్ అని వారి పేరనే పిలువబడుచున్నది. ఆ సంస్థయే 2013లో రామ్‌కో సిమెంట్స్ అను పేరు దాల్చినది. 1962లో రామస్వామి రాజా గారు పరమపదించిన పిదప కుమారులు పి. ఆర్. రామసుబ్రహ్మణ్య రాజా గారును, 2017లో వారి మరణానంతరము మనుమలు పి. ఆర్. వెంకట్రామ రాజా గారును ఆ బాధ్యతను వహించిరి.

ఈ యూరి నాయకత్వము వ్యాపారమునకే పరిమితము కాలేదు. పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా గారు 1949 నుండి 1952 వరకు ఉమ్మడి మద్రాసు రాష్ట్ర ప్రభుత్వమునకు అధిపతులై, అటుపై ఒరిస్సా గవర్నరు పదవి నధిష్ఠించిరి. వారు తమ గృహమునే ఊరికి దాన మీయగా అది గాంధీ కళామండ్ర మైనది. గాంధీజీ 1927లో ఖద్దరు ప్రచారార్థము దక్షిణదేశమున పర్యటించినపుడు రాజపాళయమును దర్శించిరి. రాట్నము నాదరించిన యూరిలోనే తొమ్మిదేండ్లకు నూలుమిల్లు వెలయుట గమనింపదగిన విషయము. రాట్నము కోరినది ప్రతి యింట ఒక చేతికి పని. మిల్లు ఇచ్చినది ఒక కప్పు క్రింద కొన్ని వందల చేతులకు జీతము. ఈ రెంటికిని గల భేదమును పూడ్చుటకు గాంధీజీ చెప్పిన ధర్మకర్తృత్వ సిద్ధాంతము ఆనాటి పెక్కుమంది పారిశ్రామికులకు ఆదర్శమైనది. ధనము యజమాని చేతిలో నుండవచ్చును గాని దానిని సంఘము తనవద్ద నుంచిన సొమ్ముగా భావింపవలె నని ఆ సిద్ధాంతసారము.

దాని ఫలములు రాజపాళయమున కంటికి కానవచ్చుచున్నవి. 1963లో రామస్వామి రాజా గారి పేర పాలిటెక్నిక్ కళాశాలయు, 1973లో రాజపాళయం రాజూస్ కళాశాలయు, 2013లో రామ్‌కో ఇంజనీరింగు కళాశాలయు వెలసినవి. సంస్థల సామాజిక బాధ్యత చట్టములో చేరుటకు అర్ధశతాబ్ది ముందే ఈ యూరివారు విద్యాలయ స్థాపనకు పూనుకొనిరి. ఇది ప్రశంసనీయము. అయినను కళాశాల ద్వారమువద్ద నిలిచి చూచినంతమాత్రమున మిల్లు లోపలి సంగతి తెలియదు.

నూలు వడుకుట యెట్టి పని

కార్మికుని తృప్తినిగూర్చి విచారించుటకు ముందు ఆ పని యెట్టిదో తెలియవలెను. పత్తి బేళ్ళను విప్పి, యంత్రమున దులిపి చెత్తను వేరుచేయుదురు. పిదప కార్డింగు యంత్రము దూదిని దువ్వి మెత్తని ఏకుగా తీయును. కొన్ని ఏకులను జతచేసి సాగదీసి, కొద్దిగా పురిపెట్టి, రింగు ఫ్రేము అను యంత్రమునకు అందింతురు. అచట వందలకొలది కదురులు ఏకకాలమున గిరగిర తిరుగుచు నూలు వడుకును. తుదకు కండెలపై నున్న నూలును కోనులకు చుట్టుదురు.

ఇందు రింగు ఫ్రేము కడ పనిచేయువారిది విశ్రాంతి లేని నడక. వరుసలో ఎచట పోగు తెగునో అచటికి పోయి, తిరుగుచున్న కదురునాపి, క్షణములో అతుకవలెను. పోగు తెగకుండుటకై గాలిలో తేమ నుంచుదురు గనుక ఉక్కపోత తప్పదు. యంత్రముల రొదలో ప్రక్కవాని మాట వినబడదు. పత్తి ధూళిని ఏండ్ల తరబడి పీల్చినవారికి బిస్సినోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి సోకవచ్చును. సెలవు తరువాత పనికి వచ్చిన మొదటి దినమున రొమ్ము బిగబట్టినట్లుండుట దాని తొలి చిహ్నము. మిల్లు రేయింబవళ్ళు నడచును గనుక షిఫ్టు మారినపుడెల్ల నిద్రవేళలును మారును.

ఇట్టి పనిలో తృప్తి యన నేమి? అమెరికా దేశపు మనస్తత్వవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో ప్రకటించిన సిద్ధాంత మీ విషయమున ఉపకరించును. పిట్స్‌బర్గ్ ప్రాంతమున సుమారు 200 మంది ఇంజనీర్లను, గణకులను ప్రశ్నించి అతడు తేల్చిన దేమనగా: అసంతృప్తిని కలిగించు కారణములు వేరు, తృప్తిని కలిగించు కారణములు వేరు. జీతము, పనిచోటి వసతి, పైయధికారి ప్రవర్తన, సంస్థ నిబంధనలు సరిగా లేనిచో మనిషి అసంతృప్తు డగును. అవి సరియైనంత మాత్రమున తృప్తుడు కాడు. తాను సాధించితి నను భావము, చేసిన పనికి గుర్తింపు, బాధ్యత, పైకెదుగు అవకాశము — ఇవియే నిజమైన తృప్తి నిచ్చును. ఆ పరిశోధన చదువుకొన్న ఉద్యోగులపై జరిగినది గావున మిల్లు కార్మికునికి దానిని యథాతథముగా అన్వయింపరాదు. జీతము చాలని చోట జీతమే ప్రధానము. అయినను ఆ విభజన ఒక సత్యమును చూపుచున్నది. పండుగనాడు మిఠాయి పంచుటయు, మిల్లు వాకిట పూలమొక్కలు పెంచుటయు మంచివే. కాని పది సంవత్సరములు పోగులతికిన యామెకు మరమ్మతు విద్య నేర్చుకొని పై పనికి పోవు దారి లేనిచో, ఆమె తృప్తిని అవి పెంపజాలవు.

కార్మికుని దృష్టిలో నాయకుడనగా అనుదినము కంపెనీ అధ్యక్షుడు కాడు. తన వరుసకు పైనున్న మేస్త్రీ. 1929లో నియమింపబడి 1931లో నివేదిక సమర్పించిన విట్లీ కమిషను, భారతదేశపు మిల్లులలో పనిలో చేర్చుకొనుటకును నిలుపుటకును మేస్త్రీలు లంచములు గ్రహించుచుండిరని ఎత్తిచూపి, ఆ యధికారమును వారినుండి తొలగించి కార్మికాధికారుల నియమింపవలెనని సూచించినది. యజమాని యెంత ధర్మాత్ముడైనను, సెలవు చీటీపై సంతకము చేయువాడు కఠినుడైనచో ఆ ధర్మము యంత్రశాలకు చేరదు.

దయ హక్కుగా మారిన విధము

మంచి యజమాని కథలు ప్రపంచమున కొత్తవి కావు. స్కాట్లండులోని న్యూలనార్క్ నూలుమిల్లుల నిర్వహణమును 1800లో చేపట్టిన రాబర్ట్ ఓవెన్, పదేండ్లలోపు పిల్లలను పనిలో చేర్చుకొనుట మానిపించి, 1816లో కార్మికుల బిడ్డలకై విద్యాలయము తెరచెను. భారతదేశమున జంషెడ్జీ టాటా 1877లో నాగపురమున ఎంప్రెస్ మిల్లును ప్రారంభించి, 1886లోనే కార్మికులకు పింఛను నిధి నేర్పరచెను. చట్టము నిర్బంధింపని కాలమున వీరు చేసిన పనులివి.

కాని యజమాని దయకు ఒక హద్దు గలదని అహమ్మదాబాదు చూపినది. 1918లో ప్లేగు బోనసు నిలిపివేయబడినపుడు అచటి మిల్లు కార్మికులు నూటికి 35 వంతులు జీతము పెంపు కోరిరి. యజమానులు 20కి మించి ఈయమనిరి. యజమానుల పక్షమున ముఖ్యుడు అంబాలాల్ సారాభాయి. కార్మికుల పక్షమున నిలిచినది ఆయన సోదరి అనసూయా బెన్. గాంధీజీ మూడు దినములు ఉపవసించిన పిదప వివాదము మధ్యవర్తి కప్పగింపబడి, తుదకు 35 వంతులును లభించినవి. 1920లో అచట కార్మిక సంఘము స్థాపింపబడినది. అంబాలాల్ క్రూరుడు కాడు. గాంధీజీ ఆశ్రమమునకు ఆపత్కాలమున ధనసహాయము చేసిన దాత. ఆశ్రమమునకు దాత యైనవాడే జీతముల వివాదమున ఎదుటి పక్షమున నిలుచుట ఆ ఘట్టమునందలి సారము. దానశీలమును వేతనన్యాయమును వేరువేరుగా తూచవలెననుటకు ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము దొరకదు.

స్వాతంత్ర్యానంతరము చట్టములు ఈ న్యాయమునకు రూప మిచ్చినవి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము వారమునకు 48 గంటల పనిని పరిమితిగా విధించి, 250 మందికి మించిన చోట క్యాంటీనును, 500 మంది యున్న చోట సంక్షేమాధికారిని నిర్దేశించినది. స్త్రీలు 50 మందికి మించిన చోట పసిబిడ్డల సంరక్షణ గృహము నుంచవలె నను నియమము 1976లో 30 మందికి తగ్గింపబడినది. 1952 నాటి ప్రావిడెంటు ఫండు చట్టము మొదట ఆరు పరిశ్రమలకు వర్తింపజేయబడగా, వానిలో వస్త్ర పరిశ్రమయు సిమెంటు పరిశ్రమయు గలవు. రాజపాళయపు పారిశ్రామికులు చేపట్టిన రెండు ప్రధాన వృత్తులును ఇట్లు తొలి జాబితాలోనే చేరినవి. 1981లో తమిళనాడు శాసనసభ, 24 నెలలలో 480 దినములు పనిచేసినవానిని స్థిరోద్యోగిగా గుర్తింపవలె నని చట్టము చేసినది. దయాళువైన యజమాని యిచ్చినపుడు పొందినది, అప్పటినుండి ఎట్టి యజమాని యైనను ఈయవలసిన దైనది. వ్యక్తి గతించినను నిలుచునది ఈ మార్పే.

ఆఫ్రికా దేశముల అనుభవము

ఈ సమస్య ఒక్క భారతదేశమునకు చెందినది కాదు. తెలుగువారు కూలీలుగా వలసపోయిన ఆఫ్రికా ప్రాంతములలో అది మరింత తీక్ష్ణముగా కానవచ్చినది. 1860 నవంబరులో ట్రూరో అను ఓడ మద్రాసు నుండి దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మొదటి ఒప్పంద కూలీలను చేర్చినది. ఆ వలసలో తమిళులతోపాటు తెలుగువారును గలరు. చెరకు తోటలలో యజమానియే న్యాయము, యజమానియే ఆహారము. ఒప్పందము ముగిసి అచటనే నిలిచినవారిపై విధింపబడిన మూడు పౌనుల పన్నునకు వ్యతిరేకముగా 1913లో గనుల కార్మికులును తోటల కూలీలును పని మానిరి. 1914లో ఆ పన్ను రద్దయినది. అహమ్మదాబాదునకు ముందే గాంధీజీ కార్మిక సమస్యను చూచిన దచట, తమిళ తెలుగు కూలీల నడుమ.

వర్ణవివక్ష ముగిసిన 1994వ సంవత్సరముననే దక్షిణాఫ్రికాలో న్యాయమూర్తి మెర్విన్ కింగ్ అధ్యక్షతన సంస్థల పరిపాలనపై నివేదిక వెలువడినది. అది 2002, 2009, 2016లలో విస్తరింపబడినది. సంస్థ వాటాదారులకే గాక ఉద్యోగులకును, చుట్టుప్రక్కల జనులకును జవాబుదారి యని దాని భావము. ‘ఉబుంటు’ అను ఆఫ్రికా భావనను ఆ నివేదికలు ఆధారము చేసికొన్నవి. మనిషి తోటి మనుష్యులవలననే మనిషి యగునని దాని తాత్పర్యము. ధర్మకర్తృత్వమునకును ఉబుంటునకును పోలిక కలదు, భేదమును కలదు. మొదటిది యజమాని మనస్సాక్షి నాశ్రయించును. రెండవది ఇరుపక్షముల పరస్పర సంబంధము నాశ్రయించును.

మారిషస్ ద్వీపపు మార్గము వేరు. 1834 నుండి ఒప్పంద కూలీలను రప్పించుకొన్న ఆ ద్వీపమున నేటికిని తెలుగు సంతతివారు గలరు. 1970లో ఎగుమతి పరిశ్రమలకై చట్టము చేయబడిన పిదప అచట వస్త్ర కర్మాగారములు పెరిగి, వేలాది స్త్రీలు పనిలో చేరిరి. 2009లో ఆ ప్రభుత్వము సంస్థలు తమ లాభములో నూటికి 2 వంతులు సామాజిక కార్యములకు వినియోగింపవలెనని చట్టము చేసినది. ఆ సొమ్మును సంస్థలు తమ యిష్టప్రకారము వినియోగించుటవలన అవసరమైన చోటికి చేరుట లేదను విమర్శ రాగా, 2017 నుండి అందు కొంత భాగమును ఒక జాతీయ సంస్థకు చెల్లింపవలె నని నియమము మార్చిరి. దాత చేతి సొమ్ము ప్రజల పర్యవేక్షణలోనికి వచ్చుట ఈ మార్పులోని విశేషము.

రెండు వంతుల చట్టము, దాని హద్దు

మారిషస్ తరువాత భారతదేశము అట్టి చట్టమునే చేసినది. 2013 నాటి కంపెనీల చట్టపు 135వ విభాగము 2014 ఏప్రిలు 1 నుండి అమలులోనికి వచ్చినది. 500 కోట్ల రూపాయల నికర విలువగాని, 1,000 కోట్ల వ్యాపారముగాని, 5 కోట్ల నికర లాభముగాని గల కంపెనీలు గడచిన మూడేండ్ల సగటు లాభములో నూటికి 2 వంతులు సామాజిక కార్యములకు వెచ్చింపవలె నని అది శాసించినది. సంస్థ యున్న ప్రాంతమునకు ప్రాధాన్య మీయవలె ననియు అందు గలదు. రాజపాళయమువంటి యూళ్ళకు ఇది మేలు.

కాని ఈ చట్టపు నియమములలో ఒకటి సామాన్యముగా దృష్టికి రాదు. ఉద్యోగులకును వారి కుటుంబములకును మాత్రమే ఉపకరించు వ్యయమును సామాజిక బాధ్యత క్రింద చూపరాదు. మిల్లు హాస్టలులో పంకాలు పెట్టించినను, కార్మికుల ఊపిరితిత్తులను పరీక్ష చేయించినను అది ఈ లెక్కలోనికి రాదు. పైపైన చూచిన నిది కార్మికునిపట్ల నిరాదరణవలె తోచును. నిజమునకు అది గౌరవము. కార్మికునికి చెల్లింపవలసినది లాభము తేలిన పిమ్మట చేయు దానము కాదు, లాభము తేలుటకు ముందే తీర్పవలసిన ఋణ మని చట్టము చెప్పకయే చెప్పుచున్నది. కావున ప్రతి సంస్థకును రెండు ఖాతా లుండును: లోపలి ఖాతా, వెలుపలి ఖాతా. వెలుపలి ఖాతా వార్షిక నివేదికలో చిత్రములతో అచ్చగును. లోపలి ఖాతాను కార్మికుడే చదువగలడు.

నేటి పరీక్ష

స్థాపకుల కాలపు పరిచయము నేడు సడలినది. తమిళనాడు నూలుమిల్లులలో పొరుగు పల్లెలవారికి బదులు దూర గ్రామముల నుండి వచ్చి హాస్టళ్ళలో నుండు యువతులును, ఒడిశా, బీహారు, ఝార్ఖండుల నుండి వచ్చిన వలస కూలీలును పెరిగిరి. యజమాని వారి యిల్లెరుగడు. వారు యజమాని నెరుగరు. కొందరికి మేస్త్రీ భాషయే తెలియదు.

పశ్చిమ తమిళనాటి పెక్కు మిల్లులలో వ్యాపించిన ‘సుమంగళి’ పథకము ఈ సడలింపు ఎచటికి దారితీయగలదో చూపినది. పెండ్లికాని బాలికలను మూడేండ్ల ఒప్పందముపై హాస్టలులో నుంచి, స్వల్ప దినకూలి యిచ్చి, గడువు పూర్తిచేసినచో పెండ్లి ఖర్చునకై సుమారు 30 వేల నుండి 50 వేల రూపాయల మొత్తము ముట్టజెప్పుదుమను ఏర్పాటది. జబ్బుపడియో, బెదరియో నడుమ మానినవారు ఆ మొత్తమును కోల్పోవుచుండిరి. వారిని శిక్షణార్థులుగా చూపి స్థిరోద్యోగ చట్టమును దాటవేయుటయు, హాస్టలు దాటి పోనీయకుండుటయు 2010 తరువాత వెలువడిన పరిశోధనలలో వెల్లడియైనవి. ‘సుమంగళి’ యను శుభనామము క్రింద నిలిపియుంచిన జీతమే కానుకగా మారినది. జీతమును దయగా చూపుటకు ఇంతకు మించిన దృష్టాంతము లేదు.

కావున నేటి నాయకుని పరీక్షించు ప్రశ్నలు సులభములు. జీతము ప్రతి నెల పూర్తిగా కార్మికుని బ్యాంకు ఖాతాలో చేరుచున్నదా? ఏడాదిలో ఎందరు పని మానిరి, ఏల మానిరి? ప్రమాదములెన్ని, శ్వాసపరీక్ష లెందరికి జరిగినవి? పనిచోట స్త్రీలపై వేధింపులను విచారించుటకు 2013 నాటి చట్టము పదిమంది పనిచేయు ప్రతి చోట కోరిన సంఘము నిజముగా సమావేశ మగుచున్నదా? ఫిర్యాదు చేసినవారు మరుసటి నెల పనిలో నున్నారా? రింగు ఫ్రేము కడ చేరినవారిలో ఎందరు ఫిట్టర్లుగా, పర్యవేక్షకులుగా ఎదిగిరి? నియమములు వారి వారి భాషలలో వ్రాసి యున్నవా? ఈ ప్రశ్నలలో ఏ యొకటియు అధిక వ్యయమును కోరదు. అడుగుటకు ధైర్యమును, వినుటకు ఓపికను మాత్రమే కోరును.

రాజపాళయమునకు ఇందు ఒక అనుకూలత కలదు. అది ఊరివారే పరిశ్రమ నిర్మించుకొన్న యూరు. రాజుల చావడులలో కులపెద్దలు కూడి విషయములు చర్చించు సంప్రదాయము గల యూరు. ధర్మకర్తృత్వ మను మాట అచట పుస్తకములలో మాత్రమే వినబడినది కాదు. ఆ చావడిలోని మాట మిల్లు లోపలికిని చేరి, బంధువు కాని యువతికిని, భాష తెలియని వలస కూలీకిని అదే ఆసనము లభించినపుడు స్థాపకుల ఆశయము నెరవేరినట్లగును. నాలుగు వందల యేండ్లకు పైబడి పరభాషా ప్రాంతమున గౌరవముగా బ్రతికిన తెలుగువారికి, తమ యూరికి పనికై వచ్చిన పరభాషవాని కష్టము తెలియకపోదు. కళాశాలలు కట్టిన చేతులు ఆ కష్టమును తీర్చుటకు చాలును. తీర్చినచో వెలుపలి ఖాతాకు లోపలి ఖాతాయే సాక్ష్య మగును.